నీళ్లలో గేదె, పీపాలో వైను

నీళ్లలో ఉన్న గేదెకు బేరం ఆడేవాణ్ణి చూసి మన పెద్దలు నవ్వారు. గేదె గట్టెక్కాలి, నడక చూడాలి, పొదుగు చూడాలి, ఒక పూట పాలు పిండించి చూడాలి, అప్పుడు కదా ధర మాట అన్నారు. ఎంత వెనకబడిన ఆలోచన! ఫ్రాన్స్‌లో బోర్డోవాళ్లు నవ్వలేదు. ఆ బేరానికే 'ఆన్ ప్రిమర్' అని పేరు పెట్టి, నీళ్ల బదులు ఎర్ర వైను పోసి, ప్రపంచంలోని డబ్బున్నవాళ్లందరినీ గట్టు మీద వరసలో నిలబెట్టారు.

పద్ధతి సులువే. సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్ష కోస్తారు. పులిసిన రసాన్ని ఓక్ చెక్క పీపాల్లో నింపుతారు. ఒక్కో పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాల సరుకు. అది అందులో ఏడాదిన్నరో, ఇంకాస్త ఎక్కువో పడుకోవాలి. కానీ ఆరు నెలలు నిండీ నిండకముందే, ఏప్రిల్ ప్రాంతంలో, దేశదేశాల వ్యాపారులు, విమర్శకులు దిగుతారు. పీపాలోంచి తీసిన నమూనాను నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేస్తారు. సాయంత్రానికి అందరి నోళ్లూ నేరేడు పళ్లు తిన్న పిల్లల నోళ్లలా ఉంటాయి. ఆ నోళ్లతోనే ఈ వైను ఇంకో ముప్ఫై ఏళ్లు నిలుస్తుందని సెలవిస్తారు. మే, జూన్‌లలో ధర చెబుతారు. మనం మొత్తం కట్టేస్తాం. సీసా రావడానికి దాదాపు రెండేళ్లు. వచ్చాక తాగకూడదు. పెద్ద షాతోల (సొంత ద్రాక్షతోటలో వైను చేసే ఎస్టేట్లను అక్కడ అలా అంటారు) వైనైతే ఇంకో పదేళ్లో పదిహేనేళ్లో ఆగాలి.

పైగా ఏప్రిల్‌లో రుచి చూసిన నమూనా, చివరికి సీసాలో పడే వైనూ అచ్చంగా ఒకటే కానక్కర్లేదు. అందులో కాబెర్నే సావిన్యాన్ రకం ద్రాక్ష వంతెంత, మెర్లో రకం వంతెంత అన్న లెక్క ఈలోగా మారవచ్చు. హైదరాబాద్‌లో శాంపిల్ ఫ్లాట్ చూసి అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ఇది విడమరిచి చెప్పే పని లేదు. అన్నట్టు, రెరా నంబరు రాకముందే ఫ్లాట్లు అమ్మడం తప్పని మనకు చట్టం ఉంది. బోర్డోలో దాన్ని సంప్రదాయం అంటారు.

ఈ వ్యాపారంలో నన్ను బాగా ఆకట్టుకున్నది మార్కుల విధానం. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ 1982 పంటను ఆకాశానికెత్తి పేరు తెచ్చుకున్నాడు. ఆయన వైనుకు 100కు మార్కులు వేసేవాడు. అందులో 50 ఊరికే వస్తాయి, పుట్టినందుకు. పీపాలో ఉన్న వైనుకు మాత్రం '94 నుంచి 96' అని ఒక మేర ఇచ్చేవాడు. విద్యార్థి ఇంకా పరీక్ష హాల్లో అడుగు పెట్టలేదు, ర్యాంకు మాత్రం ఫ్లెక్సీ ఎక్కింది! మన కార్పొరేట్ కాలేజీలకైనా ఇంత ముందుచూపు లేదు. 2003లో ఇరాక్ యుద్ధం రోజుల్లో ఆయన ఆ వసంతపు ప్రయాణం మానుకున్నాడు. పాపం, షాతోల యజమానులకు ఎంత టెన్షనో! తరతరాలుగా వైను చేస్తున్న కుటుంబాలవాళ్లు, తమ పీపాలో ఉన్నది ఎంత బాగుందో చెప్పే నాథుడు లేక, 2002 పంటకు ధర తగ్గించే వదిలారు.

షాతో నేరుగా మనకు అమ్మదు, అది నామోషీ. మధ్యలో కూర్త్యే అనే బ్రోకరు ఉంటాడు, అతనికి రెండు శాతం. అతని అవతల నెగోసియాన్లనే టోకు వ్యాపారులు, ఒక మూడొందల దాకా. వాళ్ల తర్వాత దేశదేశాల దిగుమతిదార్లు, ఆ తర్వాత దుకాణం, చిట్టచివర మన జేబు. నెగోసియాన్‌కు ఏటా ఇంత అని కోటా ఉంటుంది. వానలకు పాడైన ఏడాది వద్దన్నాడో, మంచి ఏడాది వచ్చినప్పుడు అతని రేషన్ కార్డు చెల్లకపోవచ్చు. అందుకని చెడ్డ ఏడాదీ కొంటాడు. 1972 పంట అలాంటిదే. వైను పలచన, ధర చిక్కన. మరుసటి ఏడాది చమురు సంక్షోభం వచ్చి బజారు మొత్తం కూలింది.

ఇక శతాబ్దపు పంట సంగతి. 2000, 2005, 2009, ఆ వెంటనే 2010: అన్నిటికీ ఈ బిరుదు తగిలించినవాళ్లున్నారు. మనకు శతాబ్దమంటే వందేళ్లు. బోర్డోలో అది అధిక మాసం లాంటిది, రెండు మూడేళ్లకోసారి వస్తూ ఉంటుంది.

లండన్‌లో ఉండే మా బావమరిది ఆ 2010 పంటలో ఒక పెట్టె కొన్నాడు. పన్నెండు సీసాలు. "ఇది ఖర్చు కాదు బావా, ఇన్వెస్ట్‌మెంట్" అన్నాడు. నూజివీడులో మా బాబాయి ఏటా మామిడి తోటలు పూత మీదే గుత్తకు తీసుకుంటాడు. ముందుగా కొనడంలో ఆరితేరిన మనిషి, మెచ్చుకుంటాడనుకుని ఫోన్ చేసి చెప్పాను.

"పూత నేను చెట్టు చెట్టుకీ తిరిగి చూస్తానురా. మీవాడు పీపా చూశాడా?"

"లేదు బాబాయ్, మార్కులు చూశాడు."

"గాలివాన కొడితే నాకు రాలిన కాయలైనా పచ్చడికి మిగులుతాయి. వీడి డబ్బు తీసుకున్న కొట్టువాడు రెండేళ్లలోపు దివాలా తీస్తే?"

"అప్పులవాళ్ల వరసలో చివర నిలబడాలి."

"పోనీ, ధర పడిపోతే?"

"తాగేయొచ్చు."

"తాగాడా మరి?"

చిక్కు అక్కడే వచ్చింది. ఆ పెట్టె సుంకం కట్టని గోదాములో ఉంది. బయటికి తేవాలంటే సుంకం, దాని మీద వ్యాట్ కట్టాలి. తన వైను తాను తాగడానికి మా బావమరిది మళ్లీ డబ్బు కట్టాలి. ఈలోగా అదే వైను, అదే ఏడాదిది, అతను కొన్నదానికన్నా తక్కువకు ఒక దుకాణంలో కనబడిందట. కొనాలా వద్దా అని నన్ను సలహా అడిగాడు.

అలా అని అందరికీ నష్టమేం రాదు. 2008 షాతో లఫీత్ సంగతి చూడండి. పంట పీపాల్లో ఉండగానే అమ్ముడుపోయింది. 2010లో, ఆ సీసాల మీద చైనా లిపిలో ఎనిమిది అంకె ఎర్రగా వేయిస్తున్నామని షాతో ప్రకటించింది. చైనావాళ్లకు ఎనిమిది అదృష్ట సంఖ్య. రాత్రికి రాత్రే ధర ఎగిరింది. లోపలి వైనుకు ఈ సంగతి తెలియదు. మన దగ్గర కారు నంబరు కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసేవాళ్లను చూసి నవ్వినవాళ్లందరూ ఇప్పుడు లఫీత్‌కు క్షమాపణ చెప్పుకోవాలి.

ఇంత చక్కటి ఏర్పాటుకు ద్రోహం తలపెట్టినవాళ్లూ ఉన్నారు. 2012లో షాతో లాతూర్, ఇకమీదట పీపాలో అమ్మం, తాగడానికి సిద్ధమయ్యాకే సీసాలో అమ్ముతాం అని తేల్చి చెప్పింది. 1855లో మూడో నెపోలియన్ కాలంలో బోర్డో వైన్లను శ్రేణులుగా విడదీసినప్పుడు మొదటి శ్రేణి దక్కిన షాతో ఇలా ఇడ్లీ కొట్టులా సరుకు చేతిలో పెట్టి డబ్బు తీసుకుంటానంటే పరువేం కావాలి?

అసలు అదే బోర్డోలో, పెద్ద షాతోలకు కాస్త దూరంలో, చిన్న రైతులు దశాబ్దాలుగా ఈ తప్పే చేస్తున్నారు. వైను చేసి, సీసాలో పోసి, బిరడా బిగించి, చవగ్గా, ఇవాళే తాగండి అంటున్నారు. ఎవరు కొంటారు? 2023లో ప్రభుత్వం ముందుకొచ్చి, తోట పీకేస్తే హెక్టారుకు 6,000 యూరోలు ఇస్తామంది. వేల హెక్టార్లు పీకడానికి రైతులు దరఖాస్తు పెట్టుకున్నారు. చేతిలో సరుకున్నవాడికి తోట పీకే కూలి, సరుకింకా కానివాడికి ముందస్తు సొమ్ము. పెద్ద షాతోలు కూడా ఈమధ్య ధరలు తగ్గించాయి, 2023 పంటకు ఒకసారి, 2024 పంటకు మరోసారి. తగ్గించినా కొనేవాళ్లు తటపటాయిస్తున్నారు. జనానికి గేదెను చూడాలన్న పాడు బుద్ధి మళ్లీ పుడుతున్నట్టుంది.

ఇదంతా చెప్పడం నాదే పొరపాటు. మొన్న డిసెంబరులో బాబాయి తనే ఫోన్ చేశాడు. ఏటా మాకు వేసవిలో రెండు పెట్టెల చిన్న రసాలు పంపుతాడు, డబ్బు మేం తిన్నాక ఇస్తాం.

"ఒరేయ్, ఈసారి రసాలకు 94 నుంచి 96 మధ్య వేశాను. పూత ఇంకా రాలేదనుకో. నువ్వు డబ్బు మాత్రం ఇవాళే వేసెయ్."