కాగితం లేనిది జరగనట్టేనా?

1915లో ఒట్టోమన్ (టర్కీ) సామ్రాజ్యంలో ఆర్మేనియన్లను చంపి, ఎడారుల్లోకి తరిమిన మారణకాండ గురించి ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: ‘1915 మారణకాండకు ఆధారాలుగా చూపేవన్నీ ముసలివాళ్ళ జ్ఞాపకాలే. ఎన్నో ఏళ్ళ తరువాత ప్రవాసంలో కూర్చుని, నేర్పింది వల్లించారు. చరిత్ర అంటే దస్త్రాలు. కాగితం లేనిది జరగనట్టే.’ నాకు దీన్ని పంపినవారిలో నేను గౌరవించే పెద్దలూ ఉన్నారు. అందుకే మాట మాటకీ జవాబు రాస్తున్నాను.

జ్ఞాపకం తడబడుతుందన్నది నిజమే. బతికి బయటపడి, తరువాత కథ చెప్పినవారిలో చాలామంది అప్పటికి పిల్లలు. తేదీల కోసం, లెక్కల కోసం ఏ పరిశోధకుడూ వాళ్ళ మీదే ఆధారపడడు. ఒకే ఊరివాళ్ళ మాటలను పక్కపక్కన పెట్టి, ఆనాటి రాతలతో సరిచూస్తాడు. ఆ రాతలూ ఉన్నాయి. తూర్పు టర్కీలోని హర్పుత్‌లో అమెరికా కాన్సల్‌గా ఉన్న లెస్లీ డేవిస్ 1915లో గోల్జుక్ సరస్సు దాకా గుర్రం మీద వెళ్ళి, అక్కడ పడి ఉన్న శవాలను కళ్ళారా చూసి తన ప్రభుత్వానికి నివేదించాడు. ‘జ్ఞాపకాలే’ అన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

ఇక ‘ప్రవాసంలో నేర్పారు’ అన్న ఆరోపణ. వెర్జినే స్వాజ్లియన్ అనే యువతి 1955లో ఈ వాంగ్మూలాలు సేకరించడం మొదలుపెట్టింది సోవియట్ ఆర్మేనియాలో. ఆ విషయం బహిరంగంగా ఎత్తడానికే జనం జంకే రోజులవి. నేర్పేవాళ్ళు ఎక్కడున్నారు? ఆమె పోగుచేసిన వందల వాంగ్మూలాలతో పాటు పాటలూ ఉన్నాయి. వాటిలో ఎన్నో టర్కిష్ భాషలో ఉన్నాయి! సిరియాలోని దెయిర్ ఎజ్-జోర్ ఎడారి దారిలో పోయినవారి కోసం ఆర్మేనియన్లు టర్కిష్‌లోనే ఏడ్చారు. ఎందుకంటే వాళ్ళలో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష అదే. ప్రచారం కోసం కథ అల్లేవాడు తనను తరిమినవాడి భాషలో జోలపాట లాంటి శోకం అల్లుతాడా? నాకు ఈ ఒక్క సంగతే చాలు.

‘కాగితం లేనిది జరగనట్టే’ అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. టర్కీ న్యాయవాది ఫెతియే చెతిన్ అమ్మమ్మ సంగతి చూడండి. కాగితాల్లో ఆమె పేరు సెహర్, హుసేయిన్, ఎస్మాల కూతురు. నిండు ముసలితనంలో మనవరాలికి నిజం చెప్పింది: తన పేరు హెరానుష్ అని, తల్లి ఇస్గూహి, తండ్రి హొవానెస్ అని, వలస దారిలో ఒక పోలీసు అధికారి తనను తల్లి చేతుల్లోంచి లాక్కున్నాడని. ఇక్కడ అబద్ధం చెప్పింది దస్త్రం. నిజం చెప్పింది నోరు.

దస్త్రాలైనా భద్రమా? 1919లో ఇస్తాంబుల్‌లోని సైనిక న్యాయస్థానమే 1915లో ఒట్టోమన్ ప్రభుత్వాన్ని నడిపిన తలాత్, ఎన్వర్, జెమాల్‌లకు వారి పరోక్షంలో మరణశిక్ష విధించింది. తీర్పు ప్రభుత్వ గెజిట్‌లో అచ్చయింది కాబట్టి మిగిలింది. విచారణ మూలపత్రాలు మాయమయ్యాయి.

పైగా ‘కాగితం లేనిది లేనట్టే’ అన్న ఈ సూత్రం ప్రకారం చూస్తే ఆర్మేనియన్ల ‘సాసున్ వీరులు’ ఇతిహాసం 1873కు ముందు లేనట్టే. తూర్పు టర్కీలోని మూష్ మైదానంలోని ఒక పల్లెటూరి మనిషి, క్ర్పో, దాన్ని కంఠస్థంగా ఎరుగును. మొత్తం కథ తెలిసినవాడి కోసం మూడేళ్ళు వెతికిన మతాచార్యుడు గరెగిన్ స్రవంజ్త్యాంత్స్ అతన్ని మూడు రోజులు తన ఇంట్లో ఉంచుకుని, బతిమాలి, ఆదరించి, అతని యాసలోనే రాసుకున్నాడు. తరతరాలుగా జనం నోట నిలిచిన కావ్యం అలా మొదటిసారి కాగితమెక్కింది.

‘సాక్షులు పోయారు, ఇంకేం మిగిలింది’ అనేవారికి ఒక్క మాట. కాలిఫోర్నియాలో చరిత్రకారుడు రిచర్డ్ హొవానిసియన్ విద్యార్థులు వెయ్యికి పైగా ముఖాముఖిలు రికార్డు చేశారు. అలాంటి టేపుల్లో ఊరి యాసలు అలాగే ఉన్నాయి. ఆ ఊళ్ళలో ఆ మాట పలికే నోళ్ళు ఇప్పుడు లేవు. వాళ్ళ భాష అయిన పశ్చిమ ఆర్మేనియన్‌ను యునెస్కో ఇప్పటికే ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో చేర్చింది. ఆ టేపులు విని, పదం పదం రాయగలవారు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.