మూడు ఫ్రేములు, ఆరు చిల్లులు

హాల్లో గోడకి మూడు ఫొటో ఫ్రేములు తగిలించాలి. పని అంతే. డ్రిల్లింగ్ మెషీన్ చేతిలో ఉన్నప్పుడు ఆ ‘అంతే’ అన్న మాట మహా ప్రమాదం.

గోడ 300 సెంటీమీటర్లు. ఒక్కో ఫ్రేము వెడల్పు 48, మూడింటికీ 144. పోగా మిగిలింది 156. సందులు సమానంగా రావాలి కదా, మూడు ఫ్రేములు కాబట్టి మూడుతో భాగించాను. 52 వచ్చింది. చుక్క పెట్టే అవసరం లేకుండా లెక్క తెగితే అది కరెక్టేనని చిన్నప్పటి నుంచీ నాకో నమ్మకం.

మేకు ఫ్రేము నడిమధ్యన రావాలి. ఎడమ మూల నుంచి టేపు పట్టి 76, 176, 276 దగ్గర పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, మూడు చిల్లులూ వేసేశాను. మొదటి ఫ్రేము బాగా కుదిరింది. రెండోది బ్రహ్మాండం. మూడోది తగిలిస్తే పక్క గోడకి అతుక్కుపోయింది. మధ్యలో కాగితం కూడా దూరదు.

ఆ మూడో ఫొటో మా అత్తగారిది.

మా ఆవిడ వచ్చి కాసేపు చూసింది. “ఏమండీ, మా అమ్మ ఏం తప్పు చేసిందని మూలన నిలబెట్టారు?”

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి నోట్‌బుక్ వెనక పేజీలో ఒక్క లైను రాసింది. సందు ఎక్స్ అనుకుంటే, 4ఎక్స్ + 144 = 300. “ఫ్రేములు మూడే నాన్నా, సందులు నాలుగు. చివరిది మర్చిపోయావు.” ఎక్స్ అంటే 39. మేకులు రావాల్సింది 63, 150, 237 దగ్గర.

ఎక్స్ అంటే తెలియని రాశి అని మా లెక్కల మాస్టారు చెప్పేవారు. నా వరకు అది అలాగే ఉండిపోయింది.

మళ్లీ మూడు చిల్లులు. పాత వాటికి పుట్టీ పూస్తుంటే అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న లెక్కల పండితుడు అల్ ఖ్వారిజ్మీ వాడిన ‘అల్ జబ్ర్’ అనే మాటే ఆల్జీబ్రా అయిందట. ఊడినదాన్ని, విరిగినదాన్ని మళ్లీ సరిచేయడం అని అర్థం. స్పెయిన్‌లో ఒకప్పుడు విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాళ్లని కూడా ‘అల్జెబ్రిస్టా’ అనేవారట. అయితే నేను చేస్తున్నదీ ఆల్జీబ్రానే అన్నమాట. కాకపోతే గోడ నీలం, పుట్టీ తెలుపు.

76 దగ్గరి మచ్చ మొదటి ఫ్రేము వెనక దాక్కుంది. 276 దాని మీద గడియారం పెట్టాం. దాంతో సమానమైన సందుల సంగతి అందరం మర్చిపోయాం. 176 దగ్గరిది మాత్రం మధ్య ఫ్రేము అంచుకి 2 సెంటీమీటర్ల అవతల నిలబడి అందరినీ పలకరిస్తోంది. దాన్ని కప్పేయాలంటే ఎంత వెడల్పు ఫ్రేము కావాలి? ఇంత చిన్నదానికి మళ్లీ ఎక్స్ ఎందుకని నోటిలెక్క వేశాను. 48కి 2 కలిపితే 50. వెళ్లి 50 సెంటీమీటర్ల ఫ్రేము కొనుక్కొచ్చి తగిలించాను.

అది అటు ఒకటి, ఇటు ఒకటి పెరిగింది. మచ్చ ఇంకా సెంటీమీటరు అవతలే ఉంది.