కొత్త కారు స్టీరింగ్ కొట్టుకుంటే: గ్రాముల లెక్క, జాబ్ కార్డు రాత

షోరూమ్ నుంచి తెచ్చిన కారు ఊళ్లో తిరిగినంత కాలం బాగానే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డో విజయవాడ హైవేనో ఎక్కి 90 దాటించాక స్టీరింగ్ సన్నగా కొట్టుకోవడం మొదలవుతుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే టెక్నీషియన్ ట్రాఫిక్‌లో ఓ రౌండు తిప్పుకొచ్చి, "ఏం లేదు సార్, కొత్త టైర్లు కదా, సెట్ అవ్వాలి" అంటాడు. ఫిర్యాదు, చేసిన పని రాసే జాబ్ కార్డు మూతపడుతుంది. ఇందులో మోసం కన్నా పద్ధతి లోపమే ఎక్కువ. 90లో వచ్చే వణుకును 40లో వెతికితే దొరకదు.

ఎందుకు దొరకదో లెక్క కట్టి చూడొచ్చు. 205/60 ఆర్16 టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 13 సార్లకు పైగా తిరుగుతుంది. రిమ్ అంచున ఒకచోట 20 గ్రాములు ఎక్కువుంటే, అది తిరిగిన ప్రతిసారీ దాదాపు 3 కిలోల బలంతో చక్రాన్ని గుంజుతుంది. 50లో అదే బలం ముప్పావు కిలో. పైగా సస్పెన్షన్ తనకు తానుగా ఊగే వేగం కూడా సెకనుకు 10-15 సార్ల దగ్గరే ఉంటుంది. రెండూ కలిసినచోట వణుకు పెరుగుతుంది, ఆ వేగం దాటితే ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

కాబట్టి ఫిర్యాదు చేసేముందు వణుకు ఎక్కడ, ఏ వేగంలో వస్తోందో రాసిపెట్టుకోవాలి. స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనకవి అని మొదటి అంచనా. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే డిస్క్ ప్లేట్లు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కితే వచ్చి, వదిలితే పోతుంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు. 30-50 మధ్యే ఊగుతుంటే రిమ్ వంగిందనో, టైరు లోపలి బెల్ట్ చెడిందనో అనుమానించాలి. బండి ఓ పక్కకి లాగడం వేరే జబ్బు, దానికి చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్. వణుకుతోందని వెళ్తే అలైన్‌మెంట్ చేసి బిల్లు చేతిలో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. దానివల్ల వణుకు పోదు.

కొత్త బండికి ఈ బాధేమిటని అడిగితే, ఫ్యాక్టరీలో బ్యాలెన్స్ అయిన (అంటే బరువు చుట్టూ సమానంగా ఉండేలా చిన్న వెయిట్లతో సరిచేసిన) చక్రం యార్డులో నెలల తరబడి ఒకే పొజిషన్‌లో నిలబడుతుంది. నేలకు ఆనినచోట టైరు చదునుబారుతుంది. కొద్దిపాటిదైతే 20-30 కిలోమీటర్లు నడిచి టైరు వేడెక్కాక సర్దుకుంటుంది, ఎక్కువకాలం నిలిచినదైతే సర్దుకోకపోవచ్చు. టైరు పక్కనున్న నాలుగంకెల కోడ్ తయారైన వారం, సంవత్సరం చెబుతుంది: 2324 అంటే 2024లో 23వ వారం. రవాణా కోసం ఎక్కువ గాలి కొట్టి ఉంచుతారు. డెలివరీకి ముందు తనిఖీలో దాన్ని డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెకు దించాలి. ఆ తనిఖీ షీటులో టిక్కులన్నీ ఉంటాయి, గాలి మాత్రం అలాగే ఉండిపోతుంది.

బ్యాలెన్సింగ్ దగ్గర నిలబడి చూడాల్సినవి ఉన్నాయి. పాత వెయిట్లన్నీ పీకేయాలి, రిమ్ లోపలి మట్టి తుడవాలి. చక్రాన్ని బ్యాలెన్సింగ్ మెషిన్ షాఫ్ట్ మీద నడి రంధ్రంలో సరిపోయే కోన్‌తో బిగించాలి. పొరపాట్లన్నీ ఎక్కువగా ఇక్కడే. కోన్ సరిగా కూర్చోకపోతే మెషిన్ సున్నా చూపించినా, బండికెక్కాక చక్రం తప్పే. పరీక్ష సులువు: సున్నా వచ్చాక చక్రాన్ని విప్పి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమనండి. 5 గ్రాముల కన్నా ఎక్కువ తేడా చూపిస్తే బిగింపైనా, మెషిన్ కాలిబ్రేషన్ అయినా తప్పే. చాలా మెషిన్లు 5 గ్రాములకు రౌండ్ చేసి, చిన్న తేడాల్ని సున్నాగా చూపిస్తాయి. ఫైన్ మోడ్‌లో అసలు అంకె కనిపిస్తుంది. అల్లాయ్‌కి అంటించే వెయిట్లే వాడాలి, అంటించేచోట తడి, నూనె ఉండకూడదు. చివర్లో నట్లను గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించకుండా, ఎదురెదురు వరసలో, మాన్యువల్ చెప్పిన బిగింపు బలానికి, అంటే టార్క్‌కి రెంచ్‌తో బిగించాలి.

మెషిన్ ఒకే పక్క 60 గ్రాములు దాటి అడుగుతుంటే వెయిట్లు అంటించుకుంటూ పోవడం దండగ. టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి ఎక్కిస్తే చాలాసార్లు సగానికి పడిపోతుంది. కొన్ని కొత్త టైర్ల మీద రంగు చుక్కలుంటాయి. పసుపు చుక్క తేలికైన చోటు, అది వాల్వ్ పక్కకు రావాలి. ఎరుపుది బిరుసైన, ఎత్తైన చోటు, రిమ్ మీద పల్లం గుర్తుంటే దాని పక్కకు. సున్నాకి బ్యాలెన్స్ అయ్యాక కూడా వణికితే చక్రం గుండ్రంగా లేదన్నమాట. డయల్ గేజ్‌తో ఎత్తుపల్లం కొలవాలి. 1 మిల్లీమీటరు దాటితే సందేహించాల్సిందే, కచ్చితమైన హద్దు వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. టైరును రోలర్‌తో నొక్కి, బరువు కింద దాని బిరుసులో తేడాను కొలిచే రోడ్ ఫోర్స్ మెషిన్లు మన దగ్గర అరుదు. అవి లేనిచోట మంచి చక్రాలతో ఒక్కోటి మార్చి చూడటమే దారి.

జాబ్ కార్డులో "వైబ్రేషన్" అన్న ఒక్క మాట రాయనివ్వొద్దు. "95-105 మధ్య స్టీరింగ్ వణుకు, బ్రేకుతో సంబంధం లేదు" అని రాయించి, సర్వీస్ సెంటర్ అడ్వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వేగంలో నడిపి చూపించండి. బ్యాలెన్సింగ్‌కి ముందూ తర్వాతా గ్రాములు చక్రం వారీగా రాసివ్వమనండి. ఉచిత సర్వీసులో బ్యాలెన్సింగ్ సాధారణంగా ఉండదు కాబట్టి డబ్బు అడుగుతారు. కానీ మొదటి 1,000 కిలోమీటర్లలోపు వణికే బండికి అది మెయింటెనెన్స్ కాదు, డెలివరీ లోపం. కట్టాల్సి వస్తే "అభ్యంతరంతో చెల్లించాను" అని రాసి కట్టండి.

టైర్లు మామూలుగా కారు వారంటీలోకి రావు. టైరు కంపెనీ మనిషి వచ్చి చూసి, మిగిలిన రబ్బరు లెక్కన పరిహారం తేలుస్తాడు. ఆలస్యమైనకొద్దీ నష్టం మీకే. రిమ్ దగ్గర "గుంతలో వేశారు" అనే వాదన వస్తుంది, తక్కువ కిలోమీటర్లలో రాయించిన జాబ్ కార్డే దానికి జవాబు.

అక్కడా తేలకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే, రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ని కోరవచ్చు. కారే మార్చివ్వాలని పట్టుబడితే నిలబడటం కష్టం. లోపమున్న భాగాన్ని బాగుచేయడం, మార్చడం వరకే వారంటీ బాధ్యత అని 2006లో గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టైరో రిమ్మో మార్చాలని, కట్టిన బిల్లులు వెనక్కివ్వాలని అడగండి. 10-20 లక్షలు పెట్టి కొన్న కారుకి కమిషన్ ఫీజు 400 రూపాయలు.