ఐస్ పెట్టుకోమన్నారు, అక్కడే ఆలస్యమైంది

"లంచ్ టైంలో వెళ్లి చేయించుకుని వచ్చేయొచ్చు" అని ఒక వ్యాసంలో ఫిల్లర్ల గురించి, అంటే పెదవులు, ముఖం నిండుగా కనిపించేందుకు చర్మం కింద ఎక్కించే జెల్ లాంటి పదార్థాల గురించి రాశారు. దయచేసి అంత తేలిగ్గా తీసుకోకండి.

మా చెల్లి తన పెళ్లికి పది రోజుల ముందు ఒక పార్లర్‌లో పెదవులకు ఫిల్లర్ వేయించుకుంది. ఇంటికొచ్చేసరికి పై పెదవి తెల్లగా పాలిపోయింది. సాయంత్రానికి ముక్కు కింద దాకా వల పరిచినట్టు ఊదారంగు మచ్చలు. నొప్పికి విలవిల్లాడుతుంటే పార్లర్ వాళ్లు "వాపేనండీ, ఐస్ పెట్టండి" అన్నారు. రాత్రి స్కిన్ డాక్టరు గారు పెదవిని వేలితో నొక్కి వదిలారు, రంగు వెంటనే తిరిగి రాలేదు. ఫిల్లర్ వల్ల రక్తనాళం మూసుకుపోయిందని చెప్పి, దాన్ని కరిగించే హయలురోనిడేజ్ ఇంజెక్షన్లు మళ్లీ మళ్లీ ఇచ్చారు. పెదవి దక్కింది.

ఆ మందు హయలురోనిక్ యాసిడ్ అనే పదార్థంతో చేసిన ఫిల్లర్లనే కరిగిస్తుంది, అన్నిటినీ కాదు. అందుకే ఏ ఫిల్లరో అడగండి, సీల్ మీ కళ్ల ముందే తీయమనండి. హయలురోనిడేజ్ అక్కడే ఉందా అని కూడా అడగండి, సంకోచం వద్దు. ముక్కు మీద, కనుబొమల మధ్య వేయించుకుంటే ఇంకా ప్రమాదం, అక్కడి రక్తనాళాలకు కంటి నాళాలతో సంబంధం ఉంది, చూపే పోవచ్చు. సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్‌ను చర్మంలోకి నెట్టే 'హయలురాన్ పెన్'లు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

చర్మం తెల్లబడినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.