కృష్ణా కెనాల్ దగ్గర బండి ఎందుకు ఆగుతుంది?

ఈ స్టేషన్ గురించి రాసిన ఒక వ్యాసంలో కృష్ణా కెనాల్‌ను ‘విజయవాడ వంతెన దాటగానే వచ్చే చిన్న స్టేషన్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. దాని సంగతంతా జంక్షన్‌లోనే ఉంది. కృష్ణ మీద రైలు వంతెన 1893లో వచ్చింది, మద్రాసు లైను 1899లో కలిసింది. ఇక్కడ ఆ మెయిన్ లైను తెనాలి వైపు సాగిపోతే, గుంటూరు లైను పడమరగా మంగళగిరికి చీలుతుంది. డబుల్ లైనులో మన బండ్లు ఎడమ పక్క నడుస్తాయి కదా, గుంటూరు వెళ్లే ప్యాసింజర్ చెన్నై నుంచి వచ్చే పట్టాలను అడ్డంగా కోసుకుని పోవాలి. ఎదురుగా ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చేశారంటే అది దాటేదాకా పాయింట్లు (బండిని ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించే కదిలే పట్టాలు) మారవు, మీ సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. డ్రైవర్ని తిట్టుకుని లాభం లేదు.

అన్నట్టు, విజయవాడలో గుంటూరు బండి ఎక్కేముందు మంగళగిరి మీదుగానా, తెనాలి మీదుగానా అని అడగండి. మంగళగిరి వాళ్లు పొరపాటున తెనాలి బండి ఎక్కితే దిగాల్సింది కృష్ణా కెనాల్ లోనే, అదీ బండి ఆగితేనే.