రోమా టమాటా విత్తనాల ప్యాకెట్టు మీది బొమ్మ గారికి

మహారాజశ్రీ బొమ్మ గారికి, నెల్లూరు నుండి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట నేను క్షేమము. నా మొక్కలకు కాసిన ఆరు కాయలలో నాలుగు క్షేమముగా లేవు.

నాటు టమాటాలో రసం ఎక్కువ, కండ తక్కువ గనుక నిలవ పచ్చడికి ముక్కలను రోజుల తరబడి ఎండబెట్టవలసి వస్తుంది. కోలగా ఉండే మీ జాతిలో గింజలూ రసమూ తక్కువనీ, కండ దట్టమనీ విని, ఆ శ్రమ ఒక్క పూటైనా తగ్గుతుందన్న ఆశతో మిమ్మల్ని ట్రంకు రోడ్డులో కొన్నాను. పేరు రోమ్ నగరానిదైనా మీ పుట్టుక 1950లలో అమెరికా ప్రభుత్వ పరిశోధకుల చేతుల్లో జరిగిందట; మా కార్తెలు మీకు తెలియకపోవడంలో వింత లేదు.

మీ వీపు మీద "75 రోజులలో కాపు" అని ఉన్నది. ఆ లెక్క గింజ వేసిన నాటి నుండి కాదనీ, నెల రోజులు నారు పెంచి నాటిన తరువాత మొదలవుతుందనీ ఆలస్యంగా తెలుసుకున్నాను. పిల్లవాడి వయసును బడిలో చేర్చిన రోజు నుండి లెక్కించే తల్లిదండ్రులను నేనింతవరకు చూడలేదు.

అక్టోబరులో పోసిన నారు వాయుగుండపు వానకు మొదలు మెత్తబడి, నారుకుళ్ళుతో ఒక్క రాత్రిలో పడుకున్నది. నవంబరు చివర మళ్ళీ పోశాను. ఈసారి కాయలు దిగాయి గాని అడుగున నల్లని మచ్చలు వచ్చాయి. కాల్షియం లోపమని పొరుగువారు చెప్పగా, ఇంటిల్లిపాదికీ వారం రోజులు గుడ్డు కూర పెట్టి పెంకులన్నీ పాదుల్లో వేశాను. అసలు దోషం మట్టిది కాదట. మాఘమాసంలో ఒంగోలు పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజులు మొక్కలను ఎండగట్టి, తిరిగి వచ్చి పశ్చాత్తాపంతో బిందెలకు బిందెలు పోసినందువల్ల, ఉన్న కాల్షియం కాయ కొనదాకా చేరలేదట. మీవంటి కోలకాయల జాతికి ఈ జబ్బు మరీ ఎక్కువన్న సంగతి మీ వీపు మీద ఎందుకు లేదో సెలవియ్యగలరు.

తరువాతి పూత సంగతి చెప్పనక్కరలేదు. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి పూత రాలుతుంది. మా ఊళ్ళో ఏప్రిల్ అంతకంటే తక్కువకు ఒప్పుకోదు.

మిగిలిన రెండు కాయలను నా భార్య చేపల పులుసులో వేసినది. చింతపండు పులుపుకూ మామిడికాయ పులుపుకూ నడుమ మీరెక్కడ ఉన్నారో ఎవ్వరమూ కనిపెట్టలేకపోయాము.

ఇట్లు,
ఖాళీ జాడీ యజమాని