తిరిగొస్తే అప్పు తీరుతుందా? ఆ లెక్క ముందే వేయాలి

విశాఖలో పిల్లల్ని విదేశాలకు పంపాలనుకునే తల్లిదండ్రులు చాలా లెక్కలు వేస్తారు. ఫీజు ఎంత, నెల ఖర్చెంత, డాలరు ఎంతకు చేరింది, ఉద్యోగం వచ్చాక అప్పు ఎన్నాళ్లకు తీరుతుంది అని. ఒక్క లెక్క దగ్గర మాత్రం నోరు పెగలదు. చదువైపోయాక అక్కడ ఉద్యోగం దొరక్క పిల్లాడో, అమ్మాయో వైజాగ్ తిరిగొచ్చేస్తే, ఇక్కడి జీతంతో ఆ అప్పు కట్టగలమా? శుభమా అని బయల్దేరుతుంటే ఇదేం మాట అంటారు. లోన్ కాగితాల మీద సంతకం పెట్టకముందు వేయాల్సిన మొదటి లెక్క ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికాలో రెండేళ్ల ఎంఎస్‌కి 40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ అనుకుందాం. బ్యాంకు ఆ డబ్బు సెమిస్టర్ల వారీగా ఇస్తుంది. చదువు, ఆ తర్వాత ఇచ్చే ఆరు నెలల గడువు ముగిసేసరికి వడ్డీతో కలిపి బాకీ దాదాపు 49 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు 67 వేలు దాటుతుంది. అక్కడ మంచి ఉద్యోగం వస్తే అది ఎనిమిది వందల డాలర్ల లోపే, కాస్త పొదుపుగా ఉంటే ముందే తీర్చేయొచ్చు. అలా తీర్చేసి, ఇల్లు విడిపించి, చెల్లెలి పెళ్లి కూడా చేసిన పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ అదే పిల్లాడు తిరిగొచ్చి రుషికొండలోనో మధురవాడలోనో ముప్పై, నలభై వేల ఉద్యోగంలో చేరితే, జీతమంతా బ్యాంకుకే ఇచ్చినా ఈఎంఐ నిండదు. మిగతాది నాన్న పెన్షన్‌లోంచి వెళ్లాలి. పెన్షనే లేని ఇంట్లో?

ఈ ఊళ్లో ఆ భారం ఎక్కడ పడుతుందో చూడాలంటే గాజువాక, కూర్మన్నపాలెం వైపు వెళ్లాలి. స్టీల్‌ప్లాంట్, పోర్టు, డాక్‌యార్డుల్లో ఏళ్లపాటు పనిచేసి కట్టుకున్న ఇల్లే ఆ కుటుంబాల్లో చాలావాటికి ఉన్న ఒకే ఆస్తి. ప్రభుత్వ బ్యాంకులో పెద్ద లోన్ కావాలంటే ఆ ఇంటి ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), తాకట్టులో లేదని చూపే ఈసీ, ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదు అన్నీ పట్టుకెళ్లాలి. బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్ ఇవ్వాలి, ఇంజినీరు వచ్చి వాల్యుయేషన్ వేయాలి. ఎప్పుడో కొన్న స్థలం కాబట్టి ఏదో ఒక లింకు డాక్యుమెంటు దొరకదు. లేదా పంచాయతీ ప్లాన్ చెల్లదంటారు. అప్పటికే యూనివర్సిటీకి డిపాజిట్ కట్టేసి ఉంటారు, హైదరాబాద్‌లో వీసా స్లాట్ దగ్గర పడుతుంటుంది. ఆ టెన్షన్‌లో, తాకట్టు అక్కర్లేదన్న ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ దగ్గరికి పరుగెడతారు. అక్కడ వడ్డీ ఎక్కువ. పైగా చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీ కట్టమనే సంస్థలు చాలా ఉన్నాయి. ఇల్లు తాకట్టులో లేదన్న ధైర్యమే తప్ప, తండ్రి కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టాక బాకీ ఆయనదే.

ఈ లెక్క విదేశీ చదువుల కన్సల్టెన్సీలో ఎవరూ వేసి చూపించరు. ద్వారకానగర్ సందుల్లో ఏ మేడ ఎక్కినా కౌన్సెలింగ్ ఫ్రీ అంటారు. ఫ్రీ ఎలా అవుతుందంటే, విద్యార్థి చేరాక యూనివర్సిటీ కమీషన్ ఇస్తుంది. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు, ఏజెంట్లను బహిరంగంగానే పెట్టుకునే యూనివర్సిటీలు చాలా దేశాల్లో ఉన్నాయి. అయితే మనం సలహా అనుకుని వింటున్నది అమ్మకం కూడా అని గుర్తుంచుకోవాలి. జర్మనీనే తీసుకోండి. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. మన చదువు పత్రాలు సరైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ తీసుకుని, ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు, అంటే సుమారు 12 లక్షలు, బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తే ఆ డబ్బే నెలనెలా విద్యార్థి చేతికి తిరిగొస్తుంది. ఉద్యోగానికి జర్మన్ భాష రావాలి, అదేమీ తేలిక కాదు. అయినా అప్పు సగానికి పైగా తగ్గే ఈ దారి గురించి ముందుగా చెప్పే కౌంటర్లు తక్కువ, ఫీజు లేని చోట కమీషనూ ఉండదు కాబట్టి.

ఇంకా ప్రమాదమైనది ఫండ్స్ చూపించే వ్యాపారం. వీసాకు చూపించడానికి విద్యార్థి ఖాతాలో కొన్నాళ్లు అప్పుగా డబ్బు వేసి, బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసుకుని, వడ్డీతో వెనక్కి తీసుకుంటారు. వీసా కోసం తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే అమెరికా తలుపులు జీవితాంతం మూసుకుపోవచ్చు. 2011లో ట్రై వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీల వ్యవహారాల్లో మన తెలుగు పిల్లలు పడ్డ అవస్థ చూశాక కూడా 'అందరూ చేస్తున్నదే' అనే మాట వినిపిస్తుంటే బాధగా ఉంటుంది.

రూల్స్ కూడా మనం వేసుకున్న ప్లాన్ కోసం ఆగవు. విద్యార్థి ఖాతాలో చూపించాల్సిన మొత్తాన్ని కెనడా 2024 జనవరిలో 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కి పెంచింది. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా ఫీజు 2024 జూన్ దాకా 710 ఆస్ట్రేలియా డాలర్లుండేది, ఏడాది తిరిగేసరికి 2,000 అయింది. 2025 మే చివర్లో అమెరికా కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల బుకింగ్ కొన్ని వారాలు ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసాలకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. అక్కడే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని వివరణ వచ్చేసరికి నెల గడిచింది. ఆ నెల రోజులూ ఎన్ని ఇళ్లలో నిద్రలు కరువయ్యాయో!

అప్పు పెద్దదైతే అది పిల్లల ప్రవర్తనను కూడా మారుస్తుంది. తల్లిదండ్రులు గమనించాల్సింది ఇది. అమెరికాలో చదువయ్యాక పనిచేసేందుకు ఇచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. నెలకు 67 వేలు కట్టాల్సిన పిల్లాడికి ఆ రోజులు దాటుతుంటే, లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాసిపెట్టే ఉద్యోగాల కన్సల్టెన్సీ మాట తీయగా వినిపిస్తుంది. క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలన్న రూలు పక్కనపెట్టి, రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్‌లో నిలబడే పిల్లలది కూడా ఇదే పరిస్థితి. వాళ్ల ధైర్యాన్ని లాగేసుకుంది ఆ ఈఎంఐ. అప్పు చిన్నదైతే వాళ్లు 'కుదరదు' అనగలరు.

కాబట్టి ఎంత లోన్ వస్తుందని కాదు, ఇక్కడి జీతంతో ఎంత కట్టగలమని అడగాలి. 20 లక్షల లోన్ అయితే, ఇదే వడ్డీకి 15 ఏళ్ల గడువు పెట్టుకుంటే నెలకు 28 వేల లోపే. కష్టమే, కానీ ఇల్లు నిలబడుతుంది. అంతకు మించితే రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకున్నాక వెళ్లడంలో తప్పేముంది? కమీషన్ ఎవరిస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలని కన్సల్టెన్సీలకు ప్రభుత్వం నిబంధన పెట్టాలి. ఆంధ్రా యూనివర్సిటీలో, ఏ కమీషనూ తీసుకోకుండా ఆఫర్ లెటరూ లోన్ పత్రాలూ చదివి చెప్పే ఒక కౌంటర్ తెరవాలి. వందేళ్ల యూనివర్సిటీకి ఇది పెద్ద పని కాదు.

ఇప్పటికే తిరిగొచ్చేసినవాళ్లు, గడువు దాటేదాకా విషయాన్ని ఇంట్లోనే దాచుకోకండి. మొదటి ఈఎంఐ తప్పకముందే తండ్రీకొడుకులు కలిసి బ్రాంచికి వెళ్లి, గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగండి. ఒకసారి వాయిదా తప్పితే సిబిల్ స్కోరు ఇద్దరిదీ దెబ్బతింటుంది. ముందే వెళ్తే మేనేజర్‌తో మాట్లాడే వీలైనా ఉంటుంది.